ఉత్తరం గోడలో కిటికీ

లోకంలో తన మొగుణ్ణి తానే కన్న ఆడమనిషి మా అమ్మమ్మ ఒక్కతే. మంత్రసాని లేదు, వేన్నీళ్ళు లేవు. దుంగల గోడకి కన్నం కోసి ఎదురుకాళ్ళతో బయటికి లాగింది. పుట్టేనాటికి బిడ్డ వయసు ముప్పై నాలుగు, బరువు నూట ఎనభై పౌన్లు, మూతి మీద మీసం. నమ్మనివాళ్ళు ఎంబరాస్ లోయకి వచ్చి, కుయిక్కా సరస్సు ఒడ్డున మా ఇంటి ఉత్తరం గోడ చూసుకోవచ్చు. మోకాలెత్తున అక్కడొక కిటికీ ఉంటుంది. మా వైపు ఉత్తరం గోడకి కిటికీ పెట్టే పిచ్చివాడు ఇంకొకడు లేడు. జనవరిలో అటునుంచి వచ్చే గాలికి కుక్క కూడా వీపు చూపించి పడుకుంటుంది.

ఈ కథ అమ్మమ్మ ఏనాడూ చెప్పలేదు. తాత ఊర్హో చెప్పాడు, సరస్సు అవతలి లాంపినెన్ చెప్పాడు. ఇద్దరూ అబద్ధాలకోర్లే. ఇద్దరూ ఒకేలా చెప్పిన ముక్కలు ఏరుకుని రాస్తున్నాను. మిగతాది నా సొంతం. నేను చదివింది ఎనిమిదో తరగతి దాకానే కాబట్టి ఎక్కువ కల్పించడం కూడా రాదు.

అమ్మమ్మ పేరు సైమి. మనిషి తాత ఛాతీ దాకా వస్తుంది. పెళ్ళికి ముందు కలప కోసే శిబిరంలో అరవై మందికి వంట చేసేది. తెల్లారి రొట్టె పొయ్యిలో పెట్టి, అది కాలేలోగా మగవాళ్ళ రంపాలకి పదును పెట్టేది. శిబిరంలో ఆ పనికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉన్నాడు. అయినా జనం రంపాలు పట్టుకుని వంటింటి గుమ్మం ముందే నిలబడేవాళ్ళు. తాత మొదటిసారి రంపం తెచ్చినప్పుడు అది నిజంగానే మొద్దుబారింది. మర్నాడు మళ్ళీ తెచ్చాడు. మూడోనాడు తెచ్చినప్పుడు పళ్ళు రాతికేసి రుద్ది తెచ్చాడని అమ్మమ్మకి చూడగానే తెలిసింది.

“రంపం పాడుచేసే మనిషికి పెళ్ళాన్నెవరిస్తారు?” అంది.

“పదునుపెట్టే మనిషి ఇంట్లోనే ఉంటే ఎన్ని పాడైతే ఏం?” అన్నాడు తాత.

జీవితం మొత్తంలో ఆయన ఆడదానితో ఆడిన సరసం అదొక్కటే. దానికే అమ్మమ్మ పడిపోయింది.

సముద్రం దాటి వచ్చిన మా వాళ్ళు కొత్త నేల మీదికి వస్తే మొదట ఆవిరిస్నానం గది కడతారు, తర్వాత పశువుల కొట్టం, ఆఖర్న ఇల్లు. అమ్మమ్మా తాతా రెండేళ్ళు ఆవిరి గదిలోనే కాపురం చేశారు. శనివారం స్నానానికి పొయ్యి రాజేస్తే పరుపు బయట పడేసుకోవాల్సి వచ్చేది. అందుకని పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో, మంచు పడేలోగా ఎలాగైనా ఇంటికి కప్పు వెయ్యాలని కూర్చున్నారు.

ఊర్హో తాతకి వడ్రంగమంటే దైవభక్తి లాంటిది. దుంగ మీద దుంగ పెట్టేముందు కింది దుంగ ఒంపులన్నీ గీతపరికరంతో పై దుంగ కడుపు మీద గీసుకుని, ఆ గీత వెంట గాడి తొలిచి, నాచు పరిచి కూర్చోబెట్టేవాడు. మధ్యలో కత్తిమొన దిగిందా, దింపి మళ్ళీ తొలిచేవాడు. అక్కడితో ఆగలేదు. మిగతావాళ్ళు తలుపూ కిటికీలూ వచ్చేచోట పొట్టి దుంగలు పేర్చి ఖాళీ వదులుతారు. తాత వదలడు. నాలుగు గోడలూ నిండు దుంగలతో పైదాకా లేవాలి, కప్పు పడాలి, ఆ తర్వాతే కన్నాలు కోయాలి, అప్పుడే గోడ వంకరపోదు అని ఆయన సిద్ధాంతం. దక్షిణం గోడ మీద తలుపుకీ రెండు కిటికీలకీ సుద్దతో గీతలు మాత్రం గీసుకున్నాడు. అక్టోబరు నాటికి మా ఇల్లు మూత లేని పెట్టెలా ఉంది. లోపలికి పోవాలంటే నిచ్చెన వేసుకుని గోడ దాటాలి.

లాంపినెన్ అటువైపు వచ్చినప్పుడల్లా ఆ గోడల చుట్టూ ఒకసారి తిరిగేవాడు. “ఊర్హో, ఇందులో నువ్వు పడుకుంటే పైన మూత వేసి మేకులు కొడతాను. పాస్టరుకి సగం పని తప్పుతుంది.”

“నీ ఇంట్లో గోడల మధ్యనుంచి ఉడతలు రాకపోకలు చేస్తాయి. నువ్వు మాట్లాడకు” అనేవాడు తాత.

ఆదివారం పదిమంది కప్పు పనికి వస్తామన్నారు. వాళ్ళు వచ్చేసరికి అడ్డదూలాలు మూడూ తనే ఎక్కించి ఉంచాలని తాత పంతం. లాంపినెన్ నోరు మూయించడానికి, ఇంకేం లేదు. గురువారం పొద్దున రెండు ఎక్కించాడు. పగటి కాఫీ తాగి మూడోది మొదలుపెట్టాడు. దక్షిణం కొస గోడ మీదికి చేరింది. ఉత్తరం కొసని తాడుతో గుర్రం లాగుతోంది. గుర్రాన్ని నడిపేది అమ్మమ్మ. తాత లోపల మంచె మీద నిలబడి దూలాన్ని గాడిలోకి తిప్పుతున్నాడు. అప్పుడే మంచువాన మొదలైంది.

తాడు తెగింది.

గుర్రం పేరు లీను. తెగిన తాడు వీపు మీద చరిచేసరికి అది అడవి దారిన పరుగు పెట్టింది, తాడుతో సహా. లోపల మంచె విరిగిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

“ఊర్హో!”

“దూలం పాడవలేదు” అన్నాడు లోపల్నుంచి.

అమ్మమ్మ నిచ్చెన ఎక్కి గోడ మీద నుంచి చూసింది. దూలం ఏటవాలుగా పడి ఉంది. దక్షిణం కొస ఇంకా గోడ మీదే ఉంది, కానీ మూడు వేళ్ళ పట్టు మాత్రమే. ఉత్తరం కొస కిందికి జారి నాలుగో వరస దుంగకి గుద్దుకుంది. ఆ దుంగకీ దూలం మొదలుకీ మధ్యలో తాత కుడికాలు ఇరుక్కుంది, మోకాలికి దిగువన. ఆయన నేల మీద వెల్లకిలా పడి ఉన్నాడు, ఆ కాలొక్కటే పైకి గోడకి అంటుకుపోయి ఉంది. దూలం మీద మంచు పేరుకుంటోంది. పై కొస జారిందంటే ఇరవై అడుగుల దుంగ తాత మీదికి దొర్లుతుంది. కాలు సంగతి తర్వాత, ఛాతీయే మిగలదు.

అమ్మమ్మ నిచ్చెన లోపలికి దించుకుని దిగింది. ఒక గుంజ దూలం కిందికి తోసి ఎత్తబోయింది.

“ఆపు! పైన చూడు” అన్నాడు తాత.

మూడు వేళ్ళు రెండు వేళ్ళయ్యాయి.

మనుషుల్ని పిలుచుకు రావాలంటే లాంపినెన్ ఇంటికి సరస్సు చుట్టూ నడిచి రెండు గంటలు, రావడానికి ఇంకో రెండు. వాన అప్పటిదాకా ఆగదు. దూలాన్ని కదపకూడదు. కదపగలిగింది ఒక్కటే మిగిలింది, గోడ.

“దక్షిణం గోడకి తలుపు గీత గీసి ఉంది కదా, అక్కడ కొయ్యి” అన్నాడు తాత.

“దూలం కూర్చున్నది ఆ గోడ మీదే. కోస్తే ఏమవుతుంది?”

తాత తలెత్తి దూలం పై కొస చూశాడు.

“ఉత్తరం గోడ కోస్తాను. నీ కాలి వెనక. దుంగ పోతే కాలు వదులవుతుంది.”

“ఉత్తరం గోడలో కిటికీ లేదు.”

“ఇప్పుడుంది.”

“సైమీ, ఆ గోడలో దుంగలు ఎంత నిటారువో తెలుసా? రెండు వారాలు వెతికాను ఆ చెట్ల కోసం.”

“నీ కాలు కోసేదా, గోడ కోసేదా, తేల్చుకో.”

ఇక్కడ లాంపినెన్ లెక్కలో తాత చాలాసేపు ఆలోచించాడు. తాత లెక్కలో వెంటనే ఒప్పుకున్నాడు. నాకు లాంపినెన్ మీదే నమ్మకం.

దూలం మొదలు వెడల్పు జానెడుంపావు. అందులో సగమే కాలిని అదిమింది, మిగతా సగానికీ గోడకీ మధ్య ఖాళీ ఉంది. అమ్మమ్మ ఎండు మేపుల్ చీలిక ఒకటి ఆ ఖాళీలో పెట్టి మడమతో నొక్కి నొక్కి దిగేసింది. కాలు తీశాక దూలం ఆగితే దానిమీదే ఆగాలి. అంటే రంపం గీత కాలికీ ఆ చీలికకీ మధ్యనుంచి పోవాలి. ఇటు తప్పితే కాలు తెగుతుంది. అటు తప్పితే చీలిక ఆనిన దుంగ ఊడి దూలం వచ్చేస్తుంది. మధ్యన ఉన్న జాగా నాలుగు వేళ్ళు.

ఇద్దరు లాగే పెద్ద రంపం పిడి ఒకటి ఊడదీసి, తాతని నడుం ఎత్తి కూర్చోబెట్టి ఆయన చేతికిచ్చింది. “రంపం లోపలికి రాగానే బిగించుకో. లోపల్నుంచి లాగాల్సింది నువ్వే” అని చెప్పి గోడెక్కి బయటికి దిగింది.

కోసేముందు కోత పక్కన నిలువు పలకలు కొట్టాలి, లేకపోతే తెగిన దుంగల కొసలు చెదిరి గోడ చేతిలోకొస్తుంది. అమ్మమ్మ పలక పెట్టి ఒక్క మేకు మీద ఒక్క దెబ్బ వేసింది.

“సుత్తి ఆపు!” లోపల్నుంచి కేక. “జారుతోంది! వేలున్నరే ఉంది!”

సుత్తి అవతల పారేసింది. బరమాతో కన్నాలు తొలిచి, కొయ్య మేకులు అరచేత్తో తిప్పి తిప్పి దిగేసింది. కోత అటూ ఇటూ జరిగినా సరిపోయేలా బాగా ఎడంగా రెండు పలకలు, ఒక్కోదానికి ఆరు మేకులు. అరచేతుల చర్మం అక్కడే సగం పోయింది.

ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. బయట నిలబడితే కాలు ఎక్కడుందో ఎలా తెలియాలి? తూర్పు మూల నుంచి గొడ్డలి కామతో ఆరున్నర అన్నాడు తాత. ఆయన చెప్పింది లోపలి మూల నుంచి. బయట దుంగల కొసలు మూల దాటి అడుగున్నర పొడుచుకొచ్చి ఉన్నాయి, దానికి తోడు గోడ మందం. నాలుగు వేళ్ళ జాగాకి ఆ లెక్క పనికిరాదు.

“తట్టు” అంది అమ్మమ్మ. ఆయన తట్టాడు. చెవి ఆనించి విన్నా ఎక్కడ తడుతున్నాడో అంతు దొరకలేదు. మరే ఇంట్లోనైనా దుంగల మధ్య పుల్ల దూర్చి చోటు తెలుసుకోవచ్చు. అమ్మమ్మ అల్లికసూది తెచ్చి దూర్చబోయింది. అది వంగింది కానీ దిగలేదు.

“ఏం గోడ కట్టావురా నాయనా! గుండుసూది దూరదు” అంది.

“నేను చెప్తూనే ఉన్నాను కదా” అన్నాడు లోపల్నుంచి. కాలు విరిగి పడున్నా ఆ గొంతులో గర్వం పోలేదట.

చివరికి సన్న బరమా తీసుకుని అంచనాగా ఒక కన్నం తొలిచింది. మొన అవతలికి తేలగానే, “ఆపు, చూశాను. జానెడు తప్పావు. పడమరకి జరుపు” అన్నాడు. అమ్మమ్మ ఆ కన్నానికి కన్ను ఆనించింది. అవతల ఆయన కన్ను ఉంది. ఆయన తల కాస్త వెనక్కి తీశాక ముఖం కనపడింది.

“పెదవులు నీలంగా ఉన్నాయి నీకు” అంది.

“నువ్వేమన్నా అందంగా ఉన్నావా? ముక్కు కారుతోంది.”

జానెడు జరిపి కొత్త గీత గీసింది. పెద్ద బరమాతో ఒకదాని కింద ఒకటిగా నాలుగు కన్నాలు తొలిచి, మధ్య కొయ్య ఉలితో గీకి తీసి, రంపం లోపలికి దూర్చింది. పిడి బిగిసిన చప్పుడు వినపడింది.

ఇద్దరు లాగే రంపానికి ధర్మం ఒక్కటే. లాగాలి, తొయ్యకూడదు. నీ వంతు అయ్యాక చెయ్యి వదులు చేసి అవతలివాడికి వదిలెయ్యాలి. తోస్తే రేకు వంగి ఇరుక్కుంటుంది. ఒకరినొకరు చూసుకుంటూ లాగితేనే కొత్తవాళ్ళకి కుదరదు. వీళ్ళ మధ్య పది అంగుళాల గోడ ఉంది. అమ్మమ్మ “ఒకటి” అని లాగితే తాత “రెండు” అని లాగాడు. ఆయన బతికున్న సంగతి ఆవిడకి తెలిసేది ఆ అంకెలోనే, ఆ లాగుడులోనే.

మొదటి కోత, కాలికి తూర్పు పక్కది, అయిదో వరస నుంచి మూడో వరస దాకా దిగింది. తాత మధ్యలో రెండుసార్లు పైకి చూసి, “వేలు” అన్నాడు. తర్వాత, “వేలు లేదు” అన్నాడు.

రెండో కోత అసలైనది. కాలికీ చీలికకీ మధ్యది. మళ్ళీ కన్నాలు, మళ్ళీ రంపం. అయిదో వరస తెగింది. నాలుగో వరసలోకి దిగారు. నూట పదకొండు, నూట పన్నెండు. తాత గొంతు సన్నగిల్లుతోంది. నూట ఇరవై మూడు అంది అమ్మమ్మ. లాగింది. వదులు చేసింది.

రంపం కదల్లేదు.

“నూట ఇరవై నాలుగు” అని ఆవిడే అంది. జవాబు లేదు. పిడి మెల్లిగా కదిపి చూసింది. అవతలి కొస పట్టు లేకుండా ఊగింది. లోపల ఎవరూ రంపం పట్టుకుని లేరు.

మా అమ్మమ్మ గురించి చెప్పాల్సింది ఇక్కడే ఉంది. ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు, అడవిలోకి పరిగెత్తేవాళ్ళు. ఈవిడ గుండె మాత్రం రాయి. రొట్టెపిండి పిసికేటప్పుడు ఎంత నిమ్మళంగా ఉంటుందో అంత నిమ్మళంగా రంపం సందు దగ్గర నోరు పెట్టి మాట్లాడింది.

“ఊర్హో. వినపడుతోందా? నువ్వు పోతే నేను లాంపినెన్‌ని చేసుకుంటాను.”

పిడి మళ్ళీ కదిపి చూసింది.

“ఈ ఇంట్లోనే కాపురం ఉంటాం. గోడలు బాగున్నాయి. ఆవిరి గదిలో నీ జాగాలో వాణ్ణి కూర్చోబెడతాను.”

మంచువాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

“నీ పనిముట్లన్నీ వాడికిచ్చేస్తాను. గీతపరికరంతో సహా.”

రంపం ఒక్కసారి లోపలికి కదిలింది.

“వాడికి... రంపం పట్టుకోవడమే రాదు” అంది లోపలి గొంతు. “నూట ఇరవై నాలుగు.”

ఆ తర్వాత ఎన్ని లాగారో ఇద్దరూ లెక్కపెట్టలేదు. మూడో వరసలో సగం దిగేసరికి దూలం బరువుకి దుంగ కిర్రుమంది. కోత సందు మూసుకోబోయింది, రంపాన్ని పట్టేసింది. అమ్మమ్మ ఒక చేత్తో ఎండు పుల్ల సందులో దిగేసి, రెండో చేత్తోనే లాగింది. ఆఖరి లాగుడుకి మూడు దుంగల ముక్కా కలిసి గోడలోంచి కదిలింది. గోడకి కాలు తన్నిపెట్టి దాన్ని తనవైపుకి దొర్లించింది.

కన్నంలోంచి మొదట తాత పాదం వచ్చింది, బూటుతో సహా.

దూలం మొదలు పూర్తిగా చీలిక మీద కూర్చుంది. చీలిక నలిగి చప్పుడు చేస్తోంది. అమ్మమ్మ లోపలికి వంగి ఆయన నడుంపట్టీ పట్టుకుని లాగింది. ఆయన అరిచాడు. లాగింది. తుంటి దగ్గర కన్నంలో పట్టేసింది. “ఊపిరి వదులు!” అంది. వదిలాడు. భుజాలు వచ్చాయి, చివర్న తల వచ్చింది. ఇద్దరూ బురదలో వెల్లకిలా పడ్డారు. లేవలేదు, పడ్డచోటనుంచే ఆయన చొక్కా కాలరు పట్టుకుని ఆవిడ పాకుతూ వెనక్కి ఈడ్చుకుపోయింది.

నాలుగడుగులు పోయారో లేదో లోపల దూలం దొర్లింది. నేల అదిరింది. గోడ ఒక్కసారి వణికి నిలబడింది. కొయ్య మేకులు పన్నెండూ పట్టుకున్నాయి.

చీకటి పడబోతుండగా లాంపినెన్ లీను గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. తెగిన తాడు ఈడ్చుకుంటూ గుర్రం తన గుమ్మం ముందుకొచ్చి నిలబడేసరికి బయల్దేరాడట. చెట్టు కింద గొంగడి కప్పుకుని పడున్న తాతని చూశాడు. పక్కన కూర్చున్న అమ్మమ్మ చేతులు చూశాడు. తర్వాత గోడ చూశాడు.

“ఉత్తరం వైపు కిటికీయా?” అన్నాడు.

“నీ ముఖం చూడ్డానికి” అన్నాడు తాత.

కాలు దక్కింది. ఎముక రెండు చోట్ల విరిగింది, పట్నం డాక్టరు కట్టు కట్టాడు, అతుక్కున్నాక అంగుళం పొట్టి అయింది. ఆదివారం పదిమందీ వచ్చి కప్పు వేశారు. తాతని ఆవిరి గది గుమ్మంలో కూర్చోబెడితే అక్కణ్ణుంచి కేకలు పెడుతూ పని చేయించాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు వెనక్కి వెళ్ళి ఆ కన్నం చూసి వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. మా వాళ్ళలో అది పెద్ద మర్యాద.

వసంతంలో తాత ఆ కన్నం పూడ్చాలన్నాడు. సరిపడే దుంగముక్కలు కూడా చూసుకున్నాడు. అమ్మమ్మ వాదించలేదు. ఆయన లేని రోజు చూసి చట్రం తెచ్చి తనే బిగించింది. పచ్చి దుంగలు ఎండేకొద్దీ గోడ కిందికి కూర్చుంటుంది కాబట్టి అద్దం మీద భారం పడకుండా చట్రానికి పైన మూడు వేళ్ళ ఖాళీ వదిలి, ఉన్ని కూరి, పలకతో మూసింది. తాత వచ్చి వంగి చూశాడు. పలక ఎత్తి ఖాళీ కొలిచాడు. తప్పు దొరకలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

తాత పోయి ఏడేళ్ళయింది. చలికాలంలో ఆ కిటికీ లోపలివైపు వేలు మందాన మంచు కడుతుంది. దానిముందు చిన్న పీట వేసుకుని అమ్మమ్మ రంపాలకి పదును పెడుతుంది, ఇప్పటికీ జనం తెస్తారు. మొన్న ఆదివారం ఆ పీట పక్కన నేలమీద కూర్చుని ఇదంతా మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాను. పంటి కింద చక్కెరగడ్డ పెట్టుకుని కాఫీ తాగుతూ వింది. ఎక్కడా నవ్వలేదు. లాంపినెన్‌ని చేసుకుంటానన్న చోట మాత్రం ఆకురాయి ఒకసారి ఆగింది.

“ఎలా ఉంది అమ్మమ్మా?” అన్నాను.

“గుండె రాయి అని ఎవడు చెప్పాడే నీకు? రంపం వదులైనప్పుడు నిలబడ్డచోటే ఉచ్చ పోసుకున్నాను. రాస్తే అది రాయి.”